లెక్కలో లేని వైద్యం

మా వైపు ఎవరింట్లోనైనా పిల్లాడికి నీట్‌లో మంచి ర్యాంకు రాకపోతే పెద్దవాళ్లు ముందు మేనేజ్‌మెంట్ సీటు ఖర్చు లెక్కేస్తారు. అది తలకు మించిన భారమని తేలాక ఫిలిప్పీన్స్ అంటారు, జార్జియా అంటారు, కిర్గిజ్‌స్తాన్ అంటారు. ఆ వరసలో ఎక్కడో చివర గయానా, బార్బడోస్ పేర్లు వినపడతాయి. ఏజెంటు నీలిరంగు సముద్రం బొమ్మలున్న బ్రోచర్ చేతిలో పెడతాడు. పిల్లాడు వెళ్తాడు. ఆ తర్వాత పెళ్లిచూపుల దగ్గర్నుంచి ఉద్యోగం ఇంటర్వ్యూ దాకా అందరూ "ఓహో, కరీబియనా" అని పెదవి విరుస్తారు. ఆ విరుపు ఆ పిల్లాడి దగ్గరే ఆగితే ఇంత బాధ లేదు. కరీబియన్ దీవుల్లో పుట్టి, అక్కడే చదివి, అక్కడి రోగుల్ని చూస్తూ తల పండిన వైద్యులందరి మీదా అది పడుతోంది.

నేను ట్రినిడాడ్‌లో ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్న తెలుగు వైద్యుణ్ణి. ఊరికి వచ్చినప్పుడల్లా మా బాబాయి అడుగుతాడు: "ఏరా, వాళ్లకి సొంత డాక్టర్లు లేరా, నిన్ను పిలిపించుకున్నారు?" ఉన్నారు బాబాయ్, నాకే పాఠం చెప్పగలిగినవాళ్లు ఉన్నారు అంటే నమ్మడు. వినయం కొద్దీ అంటున్నాననుకుంటాడు.

మా కేంద్రంలో నా పక్క గదిలో ఒక డాక్టరమ్మ కూర్చుంటారు. పేరు రాయను. రాస్తే ఆవిడకి ఒరిగేదేమీ లేదు, చిక్కు మాత్రం రావచ్చు. కరోనీ మైదానంలో చెరకు తోటల మధ్య పుట్టిన మనిషి. ముత్తాత మద్రాసు రేవులో ఓడెక్కి వచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయనది తెలుగు ఊరో తమిళ ఊరో చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. 1845 నుంచి 1917 దాకా సుమారు 1,44,000 మందిని మన దేశం నుంచి ట్రినిడాడ్‌కి కూలి ఒప్పందం మీద తీసుకుపోయారు. ఎక్కువ మంది కలకత్తా రేవు నుంచి వెళ్లినవాళ్లే. మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ చెరకు నరికినవాళ్ల మునిమనవలు ఇప్పుడు మా ఓపీలో షుగర్ చీటీలు పట్టుకుని వరసలో కూర్చుంటారు. ఆవిడ పొద్దున్నుంచీ వాళ్లని చూస్తారు. సాయంత్రం ఇంటికి పోకుండా మళ్లీ వాళ్ల కోసమే ఇంకో పని మొదలుపెడతారు.

ఓపీ అయిపోయాక పార్కింగ్‌లో కారులో కూర్చుంటారు. చప్పుడు రికార్డవుతుందని ఏసీ ఆపేస్తారు. డాష్‌బోర్డు మీద గ్లవ్స్ డబ్బా పెట్టి, దానికి ఫోన్ ఆనించి మాట్లాడతారు. మూడు నిమిషాల వీడియో. ఒక్క మాట తడబడినా మొత్తం చెరిపేసి మొదట్నుంచి చెబుతారు. ఒకసారి నేను వెనక సీట్లో కూర్చుని చూశాను. ఆ రోజు విషయం కాకర తీగ. ట్రినిడాడ్‌లో దాన్ని కరైలీ అంటారు, జమైకాలో సెరసీ అంటారు. ఆ ఆకు కాచి తాగితే రక్తం శుభ్రపడుతుందని, షుగర్ దిగుతుందని ఆ దీవుల్లో తరతరాల నమ్మకం. మన ఇళ్లలో పొద్దున్నే పరగడుపున కాకర రసం తాగేవాళ్ల నమ్మకమే అదీను. సీడాప్ అనే పథకం కింద ప్రభుత్వం షుగర్, బీపీ మాత్రలు ఉచితంగా ఇస్తుంది. అయినా మాత్రల్ని సొరుగులో పడేసి కషాయం మీదే ఉండేవాళ్లు మా దగ్గరకి తరచూ వస్తూనే ఉంటారు.

ఆవిడ ఆ కషాయాన్ని వెక్కిరించలేదు. "మా నానమ్మ కూడా కాచేది, నా చేతా తాగించేది" అని మొదలుపెట్టారు. తాగాలనుంటే తాగండి, నాకు చెప్పి తాగండి అన్నారు. మాత్రా కషాయమూ రెండూ పడితే షుగర్ మరీ కిందికి జారవచ్చు. చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. అప్పుడు ఆలోచించకుండా ఏదైనా తీపి నోట్లో వేసుకోండి అని తన చేతులు వణికించి చూపించారు. మాత్ర మానేసి కషాయం ఒక్కటే తాగితే కళ్లకీ కిడ్నీలకీ ఏమవుతుందో చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారింది. పుస్తకాల ఇంగ్లీషు ఒక్క ముక్క లేదు. బస్సులో, బజారులో, డబుల్స్ అనే చిరుతిండి అమ్మే బండి దగ్గర జనం మాట్లాడుకునే మాటే అంతా.

ఇంకో వీడియో పాదాల గురించి. అద్దం నేల మీద పెట్టి, దాని మీదుగా కాలు ఎత్తి అడుగు భాగం చూసుకోవాలి. వేళ్ల సందులు విడదీసి చూడాలి. స్నానం నీళ్ల వేడి పాదంతో కాదు, మోచేత్తో చూడాలి. షుగర్ ముదిరితే పాదానికి స్పర్శ పోతుంది. మేకు దిగినా తెలీదు, కాలినా తెలీదు. మధ్యాహ్నం పూట బీచ్ ఇసుక ఎంత కాలుతుందో ఆ దీవుల్లో పసిపిల్లలకీ తెలుసు, స్పర్శ పోయిన మనిషికి మాత్రం బొబ్బలు లేచాక తెలుస్తుంది. ఆ వీడియో వచ్చిన కొన్నాళ్లకి ఒక పెద్దాయన నా గదిలోకి వచ్చి, నేనేమీ అడక్కముందే బూటు విప్పి చిటికెన వేలి సందు చూపించాడు. చిన్న పుండు. ఇంకా ఎముక దాకా పోలేదు. "మా మనవరాలు ఫోన్ నా ముందు పెట్టి చూడమంది డాక్. ఆ రాత్రే అద్దం తీశాను" అన్నాడు.

ఆ వేలు దక్కింది. ఇంకొన్నాళ్లు ఆలస్యమై ఉంటే మోకాలి కింద కోత గురించి సర్జన్‌తో మాట్లాడాల్సి వచ్చేది. ఆయన కేసు షీటు తీసి చూస్తే నాకు కడుపు మండుతుంది. పుండు శుభ్రం చేశాం, యాంటీబయాటిక్ ఇచ్చాం, వారానికి రమ్మన్నాం అని ఉంది. ఆయన్ని వేళకి మా గుమ్మం ఎక్కించిన మనిషి ఊసు లేదు. రాద్దామన్నా దానికి గడి లేదు.

ఆ మధ్య ఆవిడ పదోన్నతి ఇంటర్వ్యూకి వెళ్లారు. ఏ బోర్డో చెప్పను. పరిశోధన పత్రాలెన్ని అని అడిగారు. తక్కువే అన్నారు ఆవిడ. ప్రజలకి ఆరోగ్యం గురించి చెప్పే పని ఇన్నేళ్లుగా చేస్తున్నానని, చూసినవాళ్లు ఇంతమంది అని కాగితాలు ముందు పెట్టారు. బోర్డులో ఒకాయన ఆ కాగితాలు తిప్పకుండానే పక్కకి జరిపి, "అది మీ తీరికవేళ వ్యాపకం కదా" అన్నాడట. ఆవిడ ఈ మాట నాకు చెప్పి, మరుసటి రోగిని పిలిచారు. నేనే పిలవలేకపోయాను.

తీరికవేళ వ్యాపకమట! ఆ మాట అన్నవాళ్లు తమ నేల చరిత్ర తామే చదువుకోలేదు. జనానికి తెలిసేలా చెప్పడమనేది కరీబియన్ వైద్యంలో మొదట్నుంచీ ఉన్న సంగతి, అక్కడ గొప్ప పనులన్నీ దాని మీదే నిలబడ్డాయి.

జమైకాలో పుట్టిన సిసిలీ విలియమ్స్ సంగతే చూడండి. మన వైద్య విద్యార్థులంతా మొదటి ఏళ్లలోనే బట్టీ పట్టే క్వాషియోర్కర్‌ని, అంటే తల్లిపాలు మానిన పసిబిడ్డ మాంసకృత్తులు లేక కాళ్లూ ముఖమూ ఉబ్బిపోయే జబ్బుని, 1933లో గోల్డ్ కోస్ట్‌లో, ఇప్పటి ఘనాలో, తొలిసారి విడమరచి రాసింది ఆమే. పెద్దలు ఒప్పుకోలేదు, అది పెలాగ్రా అనే మరో జబ్బని కొట్టిపారేశారు. ఆమెని మలయాకి బదిలీ చేశారు. అక్కడ తల్లులకి డబ్బాపాలు అంటగడుతున్న కంపెనీల వ్యాపారం చూసి ఊరుకోలేక 1939లో సింగపూర్‌లో, రోటరీ క్లబ్బు సభలో, పాలూ హత్యా అని పేరు పెట్టి ప్రసంగం చేసింది. మెడికల్ జర్నల్‌లో రాసుకుని ఊరుకోవచ్చు. ఊరి పెద్దలు కూర్చున్న చోటికి వెళ్లి, వాళ్లకి అర్థమయ్యే మాటల్లో, వాళ్ల ముఖం మీదే చెప్పింది. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లీబిడ్డల విభాగానికి తొలి అధిపతి అయిందీ ఈ మనిషే. ఆ ప్రసంగాన్ని ఎవరైనా ఇప్పుడు తీరికవేళ వ్యాపకం అనగలరా?

అదే 1948లో కింగ్‌స్టన్ పక్కన మోనాలో వెస్టిండీస్ యూనివర్సిటీ కాలేజీ మొదలైంది. తొలి తరగతిలో 33 మంది, అందరూ వైద్య విద్యార్థులే. ఆ చిన్న చోటు నుంచి ఏమేం వచ్చాయో మన దగ్గర పెదవి విరిచేవాళ్లకి తెలుసా? 1950లలో జమైకా పసిపిల్లల్లో లివర్ గట్టిపడి పొట్ట ఉబ్బే జబ్బు కనిపించింది. అక్కడి వైద్యులు దాని మూలం వెతుక్కుంటూ వంటింటి దాకా వెళ్లారు. తల్లులు నలతకి మందని కాచి పట్టే ఆకుల కషాయాల్లో కొన్ని, మన జనుముకి దగ్గరి చుట్టాలైన మొక్కలవి, లివర్‌లోని సన్నటి రక్తనాళాల్ని మూసేస్తున్నాయని తేల్చారు. ఆ జబ్బు తగ్గాలంటే చేయవలసిన వైద్యం ఏమిటి? ఆ ఆకు కాచొద్దని తల్లికి చెప్పడం. ఆమె నమ్మేలా, ఆమె తల్లిని తప్పుపట్టకుండా చెప్పడం. మా డాక్టరమ్మ కారులో కూర్చుని చేస్తున్నదీ అదే.

సికిల్ సెల్ అనే రక్త జబ్బు కథ ఇంకా పెద్దది. 1973 జూన్‌లో గ్రాహం సార్జెంట్ అనే వైద్యుడి బృందం కింగ్‌స్టన్‌లోని విక్టోరియా జూబిలీ ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డ బొడ్డుతాడు రక్తం పరీక్షించడం మొదలుపెట్టింది. 1981 ముగిసేసరికి లక్ష కాన్పులు. జబ్బున్నవాళ్లుగా తేలిన పిల్లల్ని పుట్టిన దగ్గర్నుంచి ఏళ్ల తరబడి విడవకుండా చూసుకుంటూ వచ్చారు. ఆ పిల్లలు ఎందుకు చనిపోతున్నారో అప్పుడు తెలిసింది. ఎడమ డొక్కలో ఉండే ప్లీహంలోకి ఒంట్లోని రక్తం ఉన్నట్టుండి చేరిపోతుంది. పొద్దున ఆడుకున్న బిడ్డ సాయంత్రానికి పాలిపోయి, ఊపిరి ఎగబీల్చి, ఆసుపత్రికి చేరేలోపే పోతుంది. అంత తక్కువ వ్యవధిలో ఏ డాక్టరు చేయగలడు? కాబట్టి వాళ్లు డాక్టర్ని వెతకలేదు, తల్లికి నేర్పారు. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ పక్కటెముకల కిందుగా వేళ్లు మెత్తగా నొక్కి ప్లీహం ఎక్కడిదాకా తగులుతోందో చూడటం. నిన్నటికంటే కిందికి దిగితే, బిడ్డ పాలిపోతే, అప్పటికప్పుడు ఎత్తుకుని పరుగెత్తడం. చదువు రాని తల్లులు కూడా నేర్చుకున్నారు. బిడ్డలు వేళకి రావడం మొదలైంది, రక్తం ఎక్కించారు, ఆ కారణంగా జరిగే మరణాలు బాగా తగ్గిపోయాయి. నేర్పింది పరికరమూ కాదు, ఖరీదైన మందూ కాదు. ఒక స్పర్శ.

ఈ పరిశోధన మనకి దూరపుది కాదు. సార్జెంట్ 1980లలో ఒడిశాలో అక్కడి వైద్యులతో కలిసి సికిల్ సెల్ మీద పనిచేశారు. ఆ జబ్బు మన పాడేరు, ఆదిలాబాద్ మన్యాల గిరిజనుల్లోనూ ఉంది. మన దేశం దాని మీద జాతీయ మిషన్ ప్రారంభించింది 2023 జూలైలో. కింగ్‌స్టన్ తల్లుల వేళ్లు నేర్చుకున్న విద్య మన మన్యంలో ఎందరు తల్లుల వేళ్లకి వచ్చు?

ఇంకొకటి చెబుతాను, ఇది అచ్చంగా మన ఒంటి సంగతి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని సెయింట్ జేమ్స్ అనే పేటలో నివాసితుల్ని ఏళ్ల తరబడి గమనించి, భారత సంతతివాళ్లు గుండెజబ్బుతో మిగతావాళ్లకంటే ఎక్కువగా పోతున్నారని, మామూలు కారణాలతో దాన్ని పూర్తిగా వివరించలేకపోతున్నామని 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. మన గుండెకి పొంచి ఉన్న ముప్పు గురించి ఒక కరీబియన్ పేట అంత ముందే పలికింది. ఆ పేట పేరు మనలో ఎంతమంది విన్నారు?

ప్రభుత్వాల సంగతికి వస్తాను. 2007 సెప్టెంబరు 15న కరీబియన్ దేశాధినేతలు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో కూర్చుని షుగర్, బీపీ, గుండెజబ్బులు, క్యాన్సర్ల మీద ఉమ్మడి ప్రకటన చేశారు. ఈ జబ్బుల కోసమే దేశాధినేతలు సమావేశం కావడం ప్రపంచంలో అదే మొదలు. దాని వెనక బార్బడోస్‌లో పుట్టి, మోనాలో చదివి, పాన్ అమెరికన్ హెల్త్ ఆర్గనైజేషన్‌ని ఎనిమిదేళ్లు నడిపిన జార్జ్ అలైన్ లాంటివాళ్ల శ్రమ ఉంది. నాలుగేళ్ల తర్వాత ఐక్యరాజ్యసమితి అదే విషయం మీద ప్రత్యేక సమావేశం పెట్టిందంటే దారి వేసింది ఆ చిన్న దేశాలే. మంచి ప్రకటన. నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. అందులో ప్రజలకి ఆరోగ్యం గురించి విస్తృతంగా చెప్పాలన్న హామీ స్పష్టంగా ఉంది. మరి ఆ హామీని రోజూ నెరవేరుస్తున్న మనిషికి పెట్రోలు ఖర్చు కూడా ఇవ్వకుండా, పైగా వ్యాపకం అనడం ఏ న్యాయం?

చూసినవాళ్ల సంఖ్య చిన్నదని కొందరు తీసిపారేస్తారు. ఈ లెక్క నాకు అసలు మింగుడు పడదు. హైదరాబాద్‌లో ఎవరో యూట్యూబ్ డాక్టరుకి పది లక్షల వ్యూస్ వస్తే సన్మానాలు జరుగుతాయి. డొమినికా దేశం మొత్తం జనాభా సుమారు 70 వేలు. అక్కడ ఒక డాక్టరు వీడియోని ఏడు వేల మంది చూస్తే, దేశంలో పదిమందికి ఒకరు ఆమె మాట విన్నట్టు. బార్బడోస్ జనాభా 3 లక్షల లోపు. ట్రినిడాడ్, టొబాగో రెండూ కలిపి 14 లక్షలకి అటూ ఇటూ. మన జిల్లాలు కొన్నింట్లో అంతకు మించి ఉంటారు. పెద్ద దేశాల కోసం తయారైన కొలబద్ద పట్టుకుని దీవి డాక్టర్ని కొలిస్తే ఆమె ఎప్పటికీ పొట్టిదే.

తుపాను వచ్చినప్పుడు చూడాలి ఆ చిన్న సంఖ్య విలువ. 2017లో మరియా హరికేన్ డొమినికాని చదును చేసింది, 2024 జూలైలో బెరిల్ కరియాకూ దీవిని చదును చేసింది. కరెంటు లేని ఇంట్లో ఇన్సులిన్ ఎక్కడ దాచాలి? మట్టికుండలో. బురదలో నడిచాక జ్వరం వస్తే దేన్ని అనుమానించాలి? ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్‌ని. సిగ్నల్ దొరికిన ఆ పది నిమిషాల్లో జనం వెతికేది తమకి తెలిసిన డాక్టరు ముఖం కోసం.

బోధన ఒక ఎత్తయితే, ఆవిడ రాసే ఆత్మావలోకనాలు ఇంకో ఎత్తు. ఒక బిడ్డ చనిపోయిన రాత్రి డాక్టరు మనసులో ఏం జరుగుతుంది, తల్లికి ఆ మాట చెప్పడానికి తలుపు దగ్గర ఎంతసేపు నిలబడిపోతాం, పొరపాటు జరిగిందేమోనన్న అనుమానం ఎన్నాళ్లు పీడిస్తుంది అని ఆవిడ ఫేస్‌బుక్‌లో రాస్తారు. పెద్ద నగరంలో ఉన్న డాక్టరు ఇలాంటివి తేలిగ్గా రాయవచ్చు. "పోయిన వారం ఒక యాభై ఏళ్ల డ్రైవరు" అని రాసినా పోల్చుకునేవాళ్లు ఉండరు. దీవిలో అలా కాదు. ఆ డ్రైవరు ఎవరో, ఆయన భార్య ఎక్కడ పనిచేస్తుందో పేజీ చదివే సగం మందికి తెలిసిపోతుంది. కాబట్టి ఆవిడ ఒక్కో విషయాన్ని నెలలు ఆపుకుంటారు. వయసు, వృత్తి, ఊరు మార్చినా గుర్తుపట్టేలా ఉంటే మొత్తం పక్కన పెట్టేస్తారు. రోగి కుటుంబాన్ని అడక్కుండా ఏదీ రాయరు. "ఇది మా మీదే రాశారా డాక్" అని ఎవరైనా అడిగితే ముఖం చూసి సమాధానం చెప్పగలగాలి కదా అంటారు. ఈ నిగ్రహం ఏ మెడికల్ కాలేజీ నీతిపాఠంలోనూ ఇంత కచ్చితంగా నేను చూడలేదు.

వైద్యుడు తన మనసులోది రాస్తే చిన్నచూపు చూడటం పాత రోగమే. మార్టినిక్ దీవిలో పుట్టిన ఫ్రాంజ్ ఫానన్ లియోన్‌లో వైద్యం చదువుతూ, నల్లవాడి మనసుకి తగిలే గాయాల గురించి రాసిన పుస్తకాన్ని థీసిస్‌గా ఇవ్వబోతే తిరస్కరించారు. నరాల జబ్బు మీద ఇంకోటి రాసి పట్టా తీసుకున్నాడు. తిరస్కరించిన ఆ రచనే 1952లో పుస్తకంగా వచ్చి ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతోంది. ఇప్పుడు జమైకాలో మైఖేల్ అబ్రహమ్స్ అనే స్త్రీల వైద్య నిపుణుడు ఉన్నారు. కవితలు చదువుతారు, వేదిక మీద నవ్విస్తారు, గ్లీనర్ పత్రికలో సమాజం గురించి సూటిగా రాస్తారు. ఆయనకి పేరుంది, సంతోషం. పేరు లేకుండా అదే శ్రమ పడుతున్నవాళ్లు ప్రతి దీవిలోనూ ఉన్నారు.

కోవిడ్ కాలంలో ఆ శ్రమ ప్రాణం మీదికి వచ్చింది. టీకా అంటే భయం ఆ దీవుల్లో బలంగా పాకింది. జమైకాలో జనాభాలో మూడో వంతు కూడా పూర్తిగా వేయించుకోలేదు. సెయింట్ విన్సెంట్‌లో 2021 ఆగస్టులో టీకా చట్టం మీద జరిగిన నిరసనలో అప్పటి ప్రధానమంత్రి రాల్ఫ్ గాన్‌సాల్వెస్ తలకి దెబ్బ తగిలి రక్తం కారింది. అలాంటి రోజుల్లో మా డాక్టరమ్మ రాత్రి పడుకోబోయే ముందు వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజీలకి ఒక్కొక్కదానికీ విడిగా జవాబు చెప్పేవారు. తిట్టినవాళ్లకి కూడా. "భయపడినవాడే తిడతాడు" అనేవారు. బెదిరింపులు వచ్చినప్పుడు ఆవిడ పక్కన నిలబడిన అధికారి ఒక్కడు లేడు. అదే సమయంలో ఆరోగ్య శాఖ టీకా పోస్టర్లు అచ్చు వేయించి గోడలకి అంటించింది.

సోషల్ మీడియాలో డాక్టర్లంటే పొడులూ మాత్రలూ అమ్ముకునేవాళ్లే కదా అని మీరు అనవచ్చు. అమ్ముకునేవాళ్లు ఉన్నారు, ఆ దీవుల్లోనూ ఉన్నారు. అందుకే అమ్మనివాళ్లని వేరుచేసి చూడమంటున్నాను. ఒక ఉదాహరణ. క్యాన్సర్‌కి లక్ష్మణ ఫలం ఆకుల కషాయం అమృతమని మన వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతోంది. అదే చెట్టు కరీబియన్ పెరళ్లలో ఉంది, అక్కడ ఆకు కాచి తాగడం పాత అలవాటు. గ్వాడెలోప్ దీవిలో మామూలు మందులకి లొంగని పార్కిన్సన్ లాంటి జబ్బు ఎక్కువగా కనిపించడంతో, దానికీ ఈ చెట్టు పండుకీ కషాయానికీ సంబంధం ఉండవచ్చని అక్కడి నరాల వైద్యులు 1999లో లాన్సెట్‌లో హెచ్చరించారు. రుజువైందని వాళ్లు అనలేదు, జాగ్రత్త అన్నారు. మా డాక్టరమ్మ ఆ సంగతి అంతే జాగ్రత్తగా, ఉన్నదానికి ఒక్క ముక్క కలపకుండా చెప్పారు. అమృతమన్న కబురు సముద్రాలు దాటి మన ఊళ్లకి వచ్చింది. జాగ్రత్త అన్న మాట మన ఊళ్లదాకా రాలేదు.

మనకి ఇలాంటి మనుషుల విలువ తెలియనిది కాదు. విజయవాడలో డాక్టర్ సమరం గారు స్వాతి వారపత్రికలో సమాధానాలు రాస్తే, పెద్దలు చూడకుండా దాచుకుని చదివిన తరాలు మనవి. ఇంట్లో ఎవరూ చెప్పని సంగతులు ఆ పేజీ చెప్పింది. ఆ పేజీని వైద్యవిద్యలో భాగమని ఏ విశ్వవిద్యాలయమైనా లెక్కేసిందా?

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఆ దీవుల ఆరోగ్య శాఖలు డ్యూటీ పట్టికలో వారానికి కొన్ని గంటలు ఈ పనికి రాయాలి, రాసి జీతం ఇవ్వాలి. కేసు షీటులో ఈ రోగి ఏం విని వచ్చాడో రాసే గడి ఒకటి పెట్టాలి. విశ్వవిద్యాలయాలు పదోన్నతి లెక్కల్లో దీన్ని బోధన కిందే చూడాలి. బెదిరింపులు వస్తే మెడికల్ కౌన్సిల్ ముందుకు వచ్చి డాక్టరు పక్షాన ప్రకటన ఇవ్వాలి. మన తల్లిదండ్రుల్ని కూడా ఒకటి అడుగుతాను. మీ పిల్లలు ఆ దీవుల్లో కొన్నేళ్లు ఉంటారు. బీచ్ ఫోటోలు పంపుతారు, లైసెన్సు పరీక్ష కోచింగ్ గురించి మాట్లాడతారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు అక్కడి డాక్టర్లలో ఎవరి మాట జనం వింటున్నారో అడగండి. ఆ మనిషి వెనక ఒక సాయంత్రం నిలబడి చూడమనండి. షుగర్ రోగితో ఎలా మాట్లాడాలో వాడికి ఏ కోచింగ్ సెంటరూ చెప్పదు. రేపు వాడు గుంటూరులోనో ఖమ్మంలోనో ఓపీలో కూర్చున్నప్పుడు అదే అక్కరకొస్తుంది.

పదోన్నతి బోర్డు మళ్లీ కూర్చోబోతోంది. ఈసారి ఆవిడ దరఖాస్తుకి ఆ వీడియోల జాబితా, వాటిని చూసి మా కేంద్రానికి వచ్చినవాళ్ల వివరం, పేర్లు లేకుండా, జతచేశాం. కింద నా సంతకం ఉంది, మా నర్సుల సంతకాలు ఉన్నాయి. పక్కకి జరపకుండా చదవమని అడుగుతున్నాం.